తెలుగు లైను తీసేసిన మధ్యాహ్నం

ఈ ఏడు వానలు మొదలైన రెండో వారంలో, బట్టల బీరువాలో బల్బు పెట్టడానికి అడుగు అర ఖాళీ చేస్తుంటే ఒక బిస్కెట్ల డబ్బా దొరికింది. మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది. చెంచా కాడతో ఎత్తితే లోపలినుంచి నాఫ్తలీన్ ఉండల వాసన, ఎప్పుడో వేడెక్కిన ధూళి వాసన, రెండూ కలిసి వచ్చాయి. పాత బనీను గుడ్డలో చుట్టి అరచేయంత ఆకుపచ్చ బోర్డు ఒకటి ఉంది. దానికి ఒక అంచున వరసగా రాగి పళ్ళు, ఇంకో అంచున స్పీకరు తీగ గుచ్చే రంధ్రాలు. మా మొదటి కంప్యూటర్‌లోని సౌండ్ కార్డు అది. దాన్ని మరలు విప్పి ఊడదీసి, గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టింది మా నాన్న. ఎందుకు పెట్టవలసి వచ్చిందో పూర్తిగా తెలిసినవాళ్ళం ఇద్దరమే ఉండేవాళ్ళం, అక్కా నేనూ. పోయిన ఏడాది అక్క చనిపోయింది.

ఈ దీవుల్లో పెరగనివాళ్ళకి బీరువాలో బల్బు సంగతి చెప్పాలి. మాకు వాన మేలో మొదలైతే నవంబరు దాటినా పూర్తిగా వదలదు. ఆ నెలల్లో చెప్పుల మీద ఆకుపచ్చ నూగు లేస్తుంది, తోలు బెల్టు తెల్లబడుతుంది, డబ్బాలో ఉప్పు నీరై కారుతుంది, అగ్గిపుల్ల గీస్తే తల ఊడి వస్తుంది, ఆదివారం ఇస్త్రీ చేసి మడతపెట్టిన చీర బుధవారానికల్లా మెత్తబడి పుట్టగొడుగుల వాసన వేస్తుంది. అందుకని మాకు తెలిసిన ప్రతి ఇంట్లో బీరువా అడుగున ఒక నలభై వాట్ల బల్బు వెలిగించి ఉంచేవారు. ఇప్పుడు ఆ బల్బులు దొరకడం కష్టం. కొత్త రకం బల్బులు వెలుగు ఇస్తాయి గాని వేడి ఇవ్వవు. ఈ చెమ్మకి మా ఇంట్లో సీలన్ అని పేరు. అది హిందీ మాటే, కానీ శ్రీకాకుళం యాస తప్ప మరొకటి రాని మా మామ్మ కూడా అదే అనేది. సీలన్ విషయంలో పెద్దవాళ్ళకి ఒక కట్టుబాటు ఉండేది. వరసలో ఒక పుస్తకానికి బూజు పట్టిందంటే దాన్ని తుడుస్తూ కూర్చోకూడదు, వెంటనే తీసి పారేయాలి, లేకపోతే రెండు రోజుల్లో పక్క పుస్తకానికి, వారంలో అర మొత్తానికి పాకుతుంది. నాన్న అలా తీసి పెరట్లో కొబ్బరి పీచుతో కలిపి కాల్చిన పుస్తకాలు నాకు గుర్తున్నాయి. తీసేటప్పుడు ఆయన ఆలోచించేవారు కాదు.

అప్పుడు మేము డాలీగంజ్‌లో ఉండేవాళ్ళం. రేకుల ఇల్లు. గట్టి వాన పడితే లోపల ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు, అమ్మ వంటింట్లోంచి గరిటెతో గిన్నె మీద కొడితే అన్నానికి రమ్మని అర్థం. మాకు ఎడమవైపు తమిళులు, కుడివైపు రాంచీవాళ్ళు, ఎదురుగా బెంగాలీలు, వీధిలో పిల్లలందరిదీ హిందీ. కొబ్బరి మట్ట బ్యాటుతో ఆడే క్రికెట్టు, బురదలో ఇనుప చువ్వ గుచ్చే ఆట, తగాదాలు, రాజీలు, అన్నీ హిందీలోనే జరిగేవి. తెలుగు ఇంట్లో ఉండేది, ఆదివారం ఆరాధనలో ఉండేది. నేను ఏడో తరగతి, అక్క ఎస్తేరు పదో తరగతి. ఇద్దరం తెలుగు గలగలా మాట్లాడేవాళ్ళం గాని చదవమంటే వేలు పెట్టుకుని తడుముకునేవాళ్ళం.

మామ్మ, అంటే నాన్న వాళ్ళ అమ్మ, పెళ్ళయిన కొత్తలో ఓడెక్కి ఇక్కడికి వచ్చింది. ఆవిడ పెదనాన్న చేపలవేట మనిషి. పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకుని, ప్రార్థన కూటాల కోసం పదకొండు పాటలు కట్టాడట. ఏ పాటల పుస్తకంలోనూ లేవు అవి. వాళ్ళ ఊళ్ళో కూడా ఆ తరంతోనే ఆగిపోయాయి. మామ్మ వాటిని ఒక నోటుపుస్తకంలో రాయించుకుని తెచ్చుకుంది. పాతిక వానాకాలాలు తిరిగేసరికి ఆ పుస్తకం నల్లబడి అట్టకట్టి, నాన్న చేతిమీదుగా కొబ్బరి పీచులోకి పోయింది. ఆ తరవాత ఆ పాటలు మామ్మ నోట్లోనే ఉన్నాయి. మా సంఘంలో క్రిస్మస్‌కి ఆవిడ ముందు చాప మీద కూర్చుని ఒక్కో పంక్తి అందిస్తే మిగతావాళ్ళు అందుకునేవారు. 'తెప్ప నీదే, తెడ్డు నీదే, తీరమెరుగను నేను' అని మొదలయ్యే పాట అందరికీ ఇష్టం. దానికి మూడు చరణాలు.

నేను ఏడో తరగతికి వచ్చిన ఏడు మామ్మ మరిచిపోవడం మొదలుపెట్టింది. మొదట కళ్ళజోడు, తరవాత స్టవ్వు మీద పాలు, ఆ తరవాత ఒకరోజు అక్కని తన చెల్లెలి పేరుతో పిలిచింది. నాన్నకి భయం పట్టుకుంది. ఆయన చాతం దగ్గర ఒక వర్క్‌షాపులో స్టోర్స్ చూసేవారు. మూతపడిన ఒక ప్రైవేటు ఆఫీసు నుంచి కంప్యూటర్ ఒకటి వస్తుందని తెలిసి తీసుకున్నారు. "కాయితం మీద రాస్తే మళ్ళీ సీలనే. దీన్లో అయితే పట్టదు" అన్నారు. ఆ నమ్మకంతోనే మరో నోటుపుస్తకం జోలికి పోలేదు.

కంప్యూటర్‌ని పాలిథిన్ షీట్లో చుట్టి, వానలో, స్కూటర్ వెనకసీటుకి కట్టి తెచ్చింది కంప్యూటర్ భయ్యా. అసలు పేరు మాకు తెలియదు. అతని అమ్మ తెలుగు, నాన్న మలయాళీ, ఒకే వాక్యంలో నాలుగు భాషలు పెట్టేవాడు. అతనే మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన ఒక ఫ్లాపీలోంచి తెలుగు ప్రోగ్రాం ఎక్కించాడు. కంప్యూటర్ వెలగగానే అది తనంతట తాను లోపలికి వచ్చి కూర్చునేలా, మొదలయ్యేటప్పుడు చదివే ఫైలులో ఒక లైను రాసి పెట్టాడు. నాన్న ఆ బల్లకి కిందన కూడా ఒక బల్బు బిగించారు.

సాయంత్రం బస్సు దిగి మొహం కడుక్కుని నాన్న కూర్చునేవారు. పక్కన స్టూలు మీద మామ్మ. ఆవిడ ఒక పంక్తి పాడి ఆగేది. నాన్న రెండు వేళ్ళతో వెతుక్కుంటూ కొట్టేవారు.

"రాసినావా?"

"ఆగవే అమ్మా, ఇంకా 'తె' దొరకలేదు."

"నాను ఓడెక్కి కట్టుకున్నోడి కాడికొచ్చినంత సేపు పడతాదేటిరా నీకు 'తె' దొరకడానికి!"

అక్షరాలు ఆకుపచ్చగా ఒక్కొక్కటే తెర మీద పడుతుంటే మామ్మ ముందుకు వంగి చూసేది. చదవడం రాదు. అయినా ప్రతి పంక్తినీ వేలితో తాకి, అది తనదేనా అని అడిగేది. ఆగస్టు దాటేసరికి పదకొండు పాటలూ ఒకే ఫైలులో చేరాయి. ప్రింటు తీయలేదు. ప్రింటరు రిబ్బను ఓడమీద మద్రాసు నుంచి రావాలి, ఉన్నదాన్ని క్రిస్మస్ పుస్తకానికని నాన్న దాచారు.

ఆట మా ఇంటికి వచ్చింది ఆ వానల్లోనే. అక్క స్నేహితురాలి తండ్రి ఓడలో పనిచేసేవాడు. ఆయన తెచ్చిన మూడు ఫ్లాపీల్ని అక్క లంచ్ డబ్బాలో పెట్టుకుని తెచ్చింది. తెరచాపల ఓడ ఒకటి, దీవినుంచి దీవికి సరుకు మోస్తూ తిరగాలి, తుఫాను తప్పించుకోవాలి, దొంగలొస్తే పారిపోవాలి. చుట్టూ సముద్రమున్న మాకు ఆ ఆట మీద అంత మోజు ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. ఆ దీవుల మధ్య ఎప్పుడూ ఎండ ఉండడం వల్లనేమో.

కానీ ఆట మొదలవలేదు. పేరు కొట్టి ఎంటర్ నొక్కితే మెమరీ చాలదని ఒక పంక్తి వచ్చి ఆగేది. కంప్యూటర్ వెలిగేటప్పుడు నాలుగు వేల చిల్లర అని లెక్కపెడుతుంది, ఆట అడిగేది ఆరువందల లోపు, మరి చాలకపోవడమేమిటని అక్క కంప్యూటర్ భయ్యాని అడిగింది. అతను మా అమ్మ ఇచ్చిన టీ తాగుతూ చెప్పాడు.

"దేఖ్ బేటీ, చాతం నుంచి బాంబూఫ్లాట్ పోయే ఫెర్రీ ఉంది కదా. జెట్టీ మీద జాగా బోలెడు. కానీ ఫెర్రీలో? ముందు ఎక్కినోడికే సీటు. ఈ పాత ఆటలన్నీ ఫెర్రీలోనే కూర్చుంటాం అంటాయి, జెట్టీ మీద నిలబడవు. సమ్‌ఝీ?"

"ముందు ఎవరెక్కారో వాళ్ళని దింపితే?"

"బస్, అదే పని."

అక్కకి అంత చాలు. అమ్మ సరుకుల చీటీలు రాసే పుస్తకం వెనకవైపునుంచి ఒక్కో ప్రయత్నానికీ నంబరు వేసి రాయడం మొదలుపెట్టింది. మొదలయ్యే ఫైళ్ళలో ఏ లైను ముందు 'రెమ్' అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు పెడితే కంప్యూటర్ ఆ లైనుని చదవకుండా దాటేస్తుంది. ఒక లైనుకి పెట్టడం, కంప్యూటర్ మళ్ళీ వెలిగించడం, ఎంత ఖాళీ అయిందో చూడడం, రాయడం. మౌసు ప్రోగ్రాంని జెట్టీ మీదికి పంపింది, కాస్త జాగా వచ్చింది. ఇంకేవో రెండిటిని పంపింది, ఇంకాస్త వచ్చింది. అయినా చాలలేదు. పద్నాలుగో ప్రయత్నంలో తేలింది ఏమిటంటే, ఫెర్రీలో అందరికంటే పెద్ద మనిషి తెలుగు ప్రోగ్రాం. దాన్ని దింపితే ఆట ఎక్కుతుంది. అది ఉంటే ఆట లేదు. రెండూ కలిసి కూర్చునే దారి అక్క చాలా వెతికింది. ఇరవై ఆరో నంబరు దాకా ఆ పుస్తకంలో ఉంది. దొరకలేదు.

మెమరీ అయ్యాక శబ్దం మొదలైంది. ఆట తెరవగానే కెప్టెన్ ఒకడు ఇంగ్లీషులో ఓడలోకి స్వాగతం చెప్పాలి. మా కెప్టెన్ స్వాగతం అనే మాటలో మొదటి ముక్క పట్టుకుని "వెల్, వెల్, వెల్, వెల్" అని కంప్యూటర్ ఆపేదాకా అంటూనే ఉండేవాడు. మామ్మ మంచం మీదనుంచి లేచి వచ్చి చూసింది.

"ఓలమ్మ, ఆడికి నత్తేటే గుంటా? పాపం, ఊపిరైనా తీసుకోనీయండే!"

సౌండ్ కార్డుకీ ప్రింటరుకీ ఒకే పిలుపు నంబరు పడిందని, ఏడు అని, ఒకరిని పిలిస్తే ఇద్దరూ పలకబోయి ఇద్దరూ ఆగిపోతున్నారని అక్క కనిపెట్టడానికి తొమ్మిది రోజులు పట్టింది. కార్డు బయటికి తీసి, దాని మీద సన్నటి పిన్నులకి తొడిగిన నల్లటి టోపీ ఒకదాన్ని అమ్మ సూదితో ఎత్తి పక్క పిన్నులకి మార్చి అయిదు చేసింది. ఉప్పుగాలికి పచ్చబడిన రాగి పళ్ళని నా స్కూలు రబ్బరుతో రుద్దింది. తిరిగి గుచ్చాక కెప్టెన్ ఒక్కసారి, పూర్తిగా, తడబడకుండా మాట్లాడాడు. వెనకాల అలల చప్పుడు వచ్చింది. అక్క కుర్చీలో వెనక్కి వాలి రెండుసార్లు విన్నది. ఎప్పుడైనా అక్క సంతోషపడిందంటే నాకు గుర్తొచ్చేది ఆ వాలడమే.

ఓడకి డాలీగంజ్ అని పేరు పెట్టబోతే ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలే పట్టి, చివరిది తెగి డాలీగన్ అయింది. కెప్టెన్ పేరు మాత్రం ఎవరు ఆడితే వాళ్ళది. మా ఇద్దరి ఆటలూ వేరువేరుగా సేవ్ అయ్యేవి. స్కూలు నుంచి వచ్చాక నాన్న వచ్చేలోపు రెండు గంటలు మావి. బయట వాన, రేకుల మీద మోత, పళ్ళెంలో వేయించిన కొబ్బరి ముక్కలు, స్పీకర్లో అలలు. మామ్మ ఏ దీవిలో ఏ సరుకు కొనాలో సలహాలిచ్చేది. దొంగల ఓడ కనిపిస్తే మంచం కోడు పట్టుకుని "ఒగ్గేయండి, పారిపోండి బేగి!" అని అరిచేది. అక్క నాకు రెమ్ పెట్టడం, తీయడం నేర్పింది. ఒకే షరతు. ఆట అయ్యాక రెమ్ తీసేయాలి, కంప్యూటర్ మళ్ళీ వెలిగించి తెలుగు వచ్చిందని చూసి మరీ ఆపాలి. తెలుగు లైను తీస్తున్నామని నాన్నకి చెప్పలేదు. చెబితే ఆటే వద్దంటారు.

నవంబరు చివర ఒక మధ్యాహ్నం అక్క క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకి వెళ్ళింది. నేనొక్కదాన్నే ఆడుతున్నాను. ఓడ మంచి గాలి మీద ఉంది. కరెంటు పోయింది. గంటన్నర తరవాత వచ్చింది. అప్పుడు రెమ్ తీసి ఉండవలసింది. మళ్ళీ ఆడదామనుకున్నాను కాబట్టి తీయలేదు. అమ్మ పిలిస్తే పెరట్లో బట్టలు లోపల వేయడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి నాన్న వచ్చేసి ఉన్నారు. ఆ రోజు వర్క్‌షాపులో ముందుగా వదిలారట. కంప్యూటర్ వెలిగించి మొహం కడుక్కోవడానికి వెళ్ళడం ఆయన అలవాటు, అందుకని అది మొదలయ్యేటప్పుడు తెలుగు ప్రోగ్రాం పేరు తెర మీద రాలేదని చూడలేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి పాటల ఫైలు తెరిచారు.

తెర నిండా గీతలు, చదరాలు, తలకిందులైన ప్రశ్నార్థకాలు, ఎవరివో తెలియని అక్షరాలు. తెలుగు ప్రోగ్రాం లేకపోతే ఆ ఫైలు అలాగే కనిపిస్తుంది. అందులో పాటకేమీ కాలేదు.

"అరె, ఏటిది? మొత్తం ఖరాబ్ అయిపోనాది!"

నేను బట్టల మోపుతో గుమ్మంలో నిలబడ్డాను. నాన్న కంప్యూటర్ పక్కరేకు మీద చేయి వేశారు. కరెంటు లేనంతసేపూ కింద బల్బు కూడా ఆరిపోయి ఉంది, రేకు చల్లగా తడిగా ఉంది. ఆయన చేతిని చూసుకున్నారు.

"సీలన్ పట్టేసినాది" అన్నారు, చాలా మెల్లగా.

ఇంకో ఫైలు తెరిచారు, సంఘం ఉత్తరం, తెలుగుది. అదీ అలాగే ఉంది. ఇంకోటి, అదీ అంతే. ఇంగ్లీషులో ఉన్న ఆఫీసు లిస్టు తెరిచారు. అది శుభ్రంగా ఉంది. ఇంకో ఇంగ్లీషుది, అదీ శుభ్రమే. నాన్నకి లెక్క స్పష్టంగా కనిపించింది. మూడింటికి పట్టింది, మిగతావాటికి ఇంకా పాకలేదు. బీరువా ముందు ఎలా ఉండేవారో అలాగే ఉన్నారు. మూడు ఫైళ్ళ పేర్లూ ఒకదాని తరవాత ఒకటి కొట్టి చెరిపేశారు. అంతా రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కంప్యూటర్ భయ్యా ఉంటే అడిగేవారేమో, అతను సామాన్ల కోసం కలకత్తా ఓడెక్కి పదిరోజులైంది. ఒక్క మాట అంటే సరిపోయేది నాకు. 'నాన్నా, రెమ్ ఉంది' అంటే చాలు. అనలేదు. ఆట సంగతి తెలిసిపోతుందని మొదట, ఆ తరవాత ఆలస్యమైపోయిందని.

నాన్న మామ్మ మంచం దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. "అమ్మా, పాటలు పోయినాయే" అన్నారు. ఆవిడ "పోతే మళ్ళీ పాడతానులేరా, నాను పోనేదు కదా" అంది.

అక్కకి ఆ సాయంత్రం నాన్న చెప్పినదే తెలిసింది, సీలన్ అని. తనకి అనుమానం వచ్చింది గాని మర్నాడు స్కూలు, ఆ పైన ప్రాక్టీసు. నేను స్కూలు నుంచి వచ్చి, ఏమీ జరగనట్టు ఉండాలని, ఎప్పటిలాగే ఆట తెరిచాను, ఎప్పటిలాగే సేవ్ చేశాను, అప్పుడు మాత్రం మరవకుండా రెమ్ తీశాను. మూడో రోజు అక్క నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి అడిగితే ఏడుస్తూ రెమ్ సంగతి చెప్పాను. అక్క మొహం విచ్చుకుంది. అది నాకు బాగా గుర్తు. చెరిపేసిన ఫైలు నిజంగా పోదట, పేరులో మొదటి అక్షరం ఒక్కటే పోతుందట, దాని జాగాలో కొత్తది ఏదీ రాయకుండా ఉంటే వెనక్కి తేవచ్చట.

"ఆ తరవాత ఏమైనా సేవ్ చేశావా?"

"లేదు."

అక్క కూర్చుని ఆ కమాండు కొట్టింది. మొదటి అక్షరం ఏమిటని కంప్యూటర్ అడిగింది. అక్క ఇచ్చింది. ఫైలు వచ్చింది. తెలుగు లైను ఉంది కాబట్టి అక్షరాలు వచ్చాయి. ఒకటో పాట, రెండో పాట, అలా ఆరు పాటలు వచ్చాయి. ఏడో పాట మధ్యలో చదరాలు మొదలయ్యాయి. అక్క కిందికి జరుపుతూ పోయింది. చదరాల మధ్య, ఇంగ్లీషు అక్షరాల్లో, స్పష్టంగా ఒక పేరు కనిపించింది. చిన్ని. అది నా పేరు. పక్కన ఓడ పేరు, డాలీగన్.

అక్క నావైపు తిరిగి చూసి, మళ్ళీ తెరవైపు తిరిగింది. తిట్టలేదు. "బయటికెళ్ళి ఆడుకోవే" అంది.

నాన్న వచ్చాక అక్క తనే ఎదురెళ్ళి చెప్పింది. సీలన్ కాదని, ఆట కోసం తీసిన తెలుగు లైను మళ్ళీ పెట్టడం మరిచిపోయానని, ఆ తరవాత సేవ్ చేసి సగం పాటలు పోగొట్టింది కూడా తనేనని. నేను తలుపు వెనక ఉన్నాను. నాన్న అరవలేదు.

"ఆ చిన్నది చేసిందంటే తెలీక చేసిందనుకుంటాను. నీకు అన్నీ తెలుసు కదే" అన్నారు.

ఆ తరవాత ఆయన అక్కతో మాట్లాడలేదు. మర్నాడు మరలు విప్పి సౌండ్ కార్డు తీసేశారు. నేను అక్కని ఎందుకు అలా చెప్పావని అడిగాను. "రెమ్ పెట్టడం నేర్పింది నేనే కదా" అంది.

మామ్మ మళ్ళీ పాడింది. ఈసారి నాన్న ముందు కాగితం మీద రాసి, ఆ తరవాత కొట్టారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది వచ్చాయి. పదో పాటకి రెండు రోజులు పట్టింది. చివరిది తెప్ప పాట. పల్లవి వచ్చింది, మొదటి చరణం, రెండో చరణం వచ్చాయి. అక్కడ మామ్మ ఆగింది. మొదటినుంచి మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది. "వొస్తాది, వొస్తాది, నోటి సివరే ఉంది" అంది. ప్రతి క్రిస్మస్‌కీ పాడినవాళ్ళెవరినైనా అడగొచ్చు కదా అంటారు. అడిగాం. మామ్మ పంక్తి అందిస్తే వెనక పాడినవాళ్ళే అందరూ, ముందు పాడినవాళ్ళు లేరు. ఒకరికి ఒక మాట, ఇంకొకరికి సగం పంక్తి, రెండూ కలవవు. అక్క రోజూ సాయంత్రం పుస్తకం, పెన్సిలూ పట్టుకుని మామ్మ మంచం పక్కన నేల మీద కూర్చునేది. నూనెలో గులాబీ పువ్వులు వేయడానికి అమ్మ పిండి కలుపుతుంటే, వీధిలో నక్షత్రం కడుతుంటే, నేను కజ్జికాయలు దొంగిలిస్తుంటే, అక్క అక్కడే ఉండేది. మామ్మ అడక్కుండానే ఒక్కోసారి మొదలుపెట్టేది, అందుకని లేవడానికి లేదు.

క్రిస్మస్‌కి పాటల పుస్తకం వచ్చింది. పదకొండో పాటకి రెండు చరణాలు. ఆరాధనలో ఆ పాట దగ్గరికి వచ్చి, రెండో చరణం అయ్యాక, అందరూ ఒక క్షణం ఆగారు. అలవాటుగా మూడోదానికి మామ్మ మొహంలోకి చూశారు. మామ్మ కళ్ళు మూసుకుని ఉంది. తరవాత రెండో చరణమే మళ్ళీ ఎత్తుకుంది. సంఘం అందుకుంది. ఆ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న అక్కని, చేప ముక్క కావాలా అని అడిగారు. అక్క కావాలంది. ఆ విషయం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ మరుసటి వానల్లో మామ్మ పోయింది.

ఆ డాలీగంజ్ ఇల్లు ఇప్పుడు లేదు, దాని జాగాలో మూడంతస్తులు లేచాయి. ఫ్లాపీలు లేవు, రిబ్బను ప్రింటర్లు లేవు, రెమ్ అంటే తెలిసినవాళ్ళు మా ఆఫీసులో ఎవరూ లేరు. ఫోనులో తెలుగూ ఆటా పక్కపక్కన ఉంటాయి, ఒకదానికోసం ఒకటి దిగనక్కరలేదు. మామ్మ పాటల్లో ఆరేడు ఎవరూ పాడడం లేదు. తెప్ప పాట మాత్రం నిలిచింది. యువకుల బృందం కీబోర్డు మీద వాయిస్తారు, మాటలు ఫోనులో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడతారు. రెండో చరణం రెండుసార్లు పాడాలని వాళ్ళకి పక్కాగా తెలుసు. పాట కట్టినాయన అలా కట్టాడనుకుంటారు. రెండోసారి వచ్చినప్పుడు అక్క ఎప్పుడూ పాడేది కాదు. అందరితోపాటు నిలబడి పుస్తకంలోకి చూసేది. అక్క సమాధి దగ్గర కూడా ఆ పాటే పాడారు, అలాగే పాడారు.

అమ్మ పోయాక నాన్న నా దగ్గరే, ఈ గరాచర్మ ఇంట్లో ఉంటున్నారు. డబ్బా దొరికిన వారంలో నేను ఆ ఆట కోసం వెతికాను. లాప్‌టాప్‌లో పాత ఆటల్ని ఆడించే ప్రోగ్రాం ఒకటి ఉంది, దానిలో ఎక్కించడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. శబ్దం ఏ నంబరు మీద అని అడిగింది. అయిదు ఇచ్చాను. కెప్టెన్ మాట్లాడాడు. వరండాలో కూర్చున్న నాన్న తల తిప్పారు.

"అది ఎస్తేరు ఆట కదే?"

నేను లాప్‌టాప్ మూసి వెళ్ళి ఆయన పక్కన కూర్చుని చెప్పాను. ఆ రోజు లైను సరిచేయకుండా వదిలేసింది నేను, తరవాత సేవ్ చేసింది నేను, అక్క కాదు అని. రెండుసార్లు చెప్పవలసి వచ్చింది, ఆయనకి ఎడమ చెవి వినపడదు.  నాన్న పాట గురించి అడుగుతారనుకున్నాను.

"ఎన్నాళ్ళు మాట్లాడలేదు నాను దాంతోటి?"

"క్రిస్మస్ దాకా నాన్నా."

"అంటే?"

"మూడు వారాలు."

"ఒక్క మాటా?"

"ఏదైనా చెప్పాలంటే అమ్మతో చెప్పించేవారు."

ఆయన తల ఊపారు. వీధిలో బస్సు వచ్చి ఆగి వెళ్ళిపోయింది.

"నిరుడు చెప్పి ఉండాల్సిందే చిన్నీ" అన్నారు. "నిరుడు అది ఆస్పత్రిలో నెలరోజులుంది. నాను రోజూ పక్కనే కూకున్నాను."

 

మొన్న ఆదివారం నాన్నని ఆరాధనకి తీసుకెళ్ళాను. తెప్ప పాట వచ్చింది. నాన్న బల్ల పట్టుకుని లేచి నిలబడి మొదటి చరణం పాడారు, రెండో చరణం పాడారు. కీబోర్డు ఆగకుండా మళ్ళీ రెండో చరణం అందుకుంది, పిల్లలు గొంతు పెంచారు. నాన్న పుస్తకం మూసి నా చేతికిచ్చి కూర్చున్నారు.